తాలింపు వెయ్యని రోజులు

ఉద్దనపల్లిలో నేనున్న ఇంట్లో ఏడాదికి సగం రోజులు తాలింపు వేసేవాళ్ళు కాదు. గోదావరి పక్క పుట్టి, ఇంగువ చుయ్యిమన్న చప్పుడు వినిపిస్తే గానీ ఆకలెయ్యని దాన్ని నేను. నాకు ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది చెప్పండి? మొదటి వారం పప్పులో ఒక్క ఎండుమిరపకాయ కూడా తేలకపోతే, పాపం ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదు కాబోలు, పథ్యం వండుతున్నారు అనుకున్నాను. పథ్యం మనుషులకు కాదనీ పురుగులకనీ తర్వాత తెలిసింది.

వంటింటి వెనక గోడకు ఆనుకుని పట్టుపురుగుల షెడ్డు ఉండేది. పురుగులు లోపల ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పోపు ఘాటు పుట్టకూడదు, అగరుబత్తి వెలిగించకూడదు, దోమలబిళ్ళ పెట్టకూడదు, ఒంటికి పౌడరు రాయకూడదు. మా అమ్మ రెండు కేజీల ఆవకాయ కట్టి పంపింది. నేను దిగిన మొదటి రోజే ఆ ఇంటి అవ్వ మూత తీసి వాసన చూసి, "అబ్బా, ఇది మనిషి తినేదా, మందుపాతరా?" అని జాడీని పక్క తోట పెద్దాయన ఇంటికి తరలించేసింది. ఆవకాయ తినాలనిపించినప్పుడల్లా నేను కంచం పట్టుకుని పక్కింటికి నడిచేదాన్ని. ఇరవై మూడేళ్ళ మనిషిని, కంచంతో గట్టు మీద నడుస్తుంటే ఊరంతా నవ్వేది.

అసలు నేనక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు, ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి. ఆ మాటలు తప్పించుకోవడానికి ఒక సంస్థ వాళ్ళు వాలంటీర్లు కావాలంటే పేరిచ్చేశాను. హోసూరు, కృష్ణగిరి పక్క ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. బళ్ళో చదువు మాత్రం తమిళం. పిల్లలు గలగలా తెలుగు మాట్లాడతారు గానీ ఒక్క అక్షరం చదవలేరు. ఒక ఇంట్లో ఆరు నెలలుండి, సాయంత్రాలు వాళ్ళకు తెలుగు చదవడం నేర్పాలి. మా అమ్మ దృష్టిలో తమిళనాడంటే విదేశమే. పాస్‌పోర్టు అక్కర్లేదని ఎంత చెప్పినా ఆవిడ బస్టాండులో విమానం ఎక్కిస్తున్నట్టే ఏడ్చింది.

ఆ ఇంట్లో ముగ్గురు. అవ్వ, ఆమె కొడుకు, కోడలు. కొడుకును నేను బావ అనేదాన్ని. ఆయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ రాత్రికే మొహం చూడటం. కోడలు నాకు అక్క. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. పిల్లలిద్దరూ కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు.

ఆ ఇంటి పొద్దు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. ఎక్కడున్నా అయిదున్నరకు మెలకువ వస్తుంది. ఆ పక్క చలి మా ఊళ్ళో జన్మలో చూడం. నేను రెండు స్వెటర్లేసుకుని గడప దగ్గర వణుకుతుంటే అక్క చల్లటి నీళ్ళతో కళ్ళాపి చల్లి, నాలుగు గీతల ముగ్గు పడేసి, పురుగులకు తొలి మేత వెయ్యడానికి పోయేది. ఆరున్నరకు పక్క తోట పెద్దాయన వచ్చేవాడు. టమాటా పండించేవాడు. భార్య పోయినప్పట్నుంచీ పొద్దుటి కాఫీ మా అరుగు మీదే. ఆయనా అవ్వా పోట్లాడుకోకుండా ఆ కాఫీ దిగేది కాదు.

"ఏమప్పా, ఈపొద్దు గడ్డం గీసుకోనుండావే, యాడికి, పెండ్లిచూపులకా?"

"నీ కాఫీలో చక్కెర యాడుంది వదినమ్మా? చేదుగా ఉంది."

"నీ నోరే చేదు. తాగి గ్లాసు ఆడ పెట్టు."

రోజూ ఇదే. ఒకరోజు ఆయన ఏమీ అనకుండా తాగేస్తే అవ్వకు బెంగ పుట్టి, జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

మధ్యాహ్నం రాగిసంగటి. దాన్ని నమలకూడదు, మింగాలి. ఆ సంగతి నాకెవరు చెప్పారు? నేను శ్రద్ధగా నమిలాను. అవ్వ కాసేపు చూసి, "యేమ్మా, ఆవు నెమరేసినట్ల నములుతుండావే! మింగు, అదేమీ చెయ్యదు నిన్ను" అంది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నెల తిరిగేసరికి రెండు ముద్దలు అవలీలగా మింగేదాన్ని. ఇప్పుడు హైదరాబాదులో సంగటి పేరుతో పెట్టేది చూస్తే నాకు కోపమొస్తుంది.

సాయంత్రం నాలుగింటికి అక్క నన్ను పెరటి మెట్టు మీద కూచోబెట్టి జడేసేది. వద్దన్నా వినేది కాదు. "అంత మందికి చదువు చెప్పను పోతావు, ఆ తలకాయేంది గువ్వగూడు మాదిరి" అనేది. ఆమె వేళ్ళకు మల్బరీ ఆకు పసరు వాసన. జడేస్తూ ఊరి కబుర్లన్నీ చెప్పేది. ఆ పావుగంట కోసమే నేను రోజంతా ఉన్నానేమో అనిపిస్తుంది ఇప్పుడు.

కానీ ఒకటి మాత్రం నాకు లోపల గుచ్చుకునేది. ఆమె నన్ను చుట్టాన్ని చూసినట్టే చూసేది. తిన్న కంచం కడగనిచ్చేది కాదు. పాలగిన్నె జారవిడిస్తే "పోనీలేమ్మా" అనేది. బావ చొక్కా ఇస్త్రీ చేస్తానని కాల్చి పెడితే కూడా "పోనీలేమ్మా, పాతదే" అంది. అదే పని అవ్వ చేసుంటే ఇల్లు ఎగిరిపోయుండేది. నాకేమో ఒక్కసారి తిట్టించుకోవాలనుండేది. పిచ్చి కాకపోతే!

షెడ్డులోకి నన్ను నెల దాటాకే రానిచ్చారు. అది ఆ ఇంట్లో పెద్ద గౌరవం. గుమ్మం ముందు బ్లీచింగ్ నీళ్ళ పళ్ళెంలో పాదాలు ముంచాలి, చేతులు కడగాలి, ఆ తర్వాత అవ్వ పరీక్ష. ఆమె గుమ్మం పక్క పీటేసుకుని కూచుని, లోపలికి పోయే ప్రతి మనిషినీ వంగమని తలా మెడా చేతులూ వాసన చూసేది. కన్నకొడుకునైనా వదిలేది కాదు. బావ ఒకసారి సెంటు రాసుకుని వస్తే, "పోరా, పోయి స్నానం చేసి రా" అని తరిమేసింది. నా వంతు వచ్చినప్పుడు ముక్కు చిట్లించి, మళ్ళీ చూసి, "ఊ, పో" అంది. నాకు డిగ్రీ పట్టా ఇచ్చినప్పుడు కూడా అంత గర్వమనిపించలేదు.

లోపల వరసగా అరలు. కొమ్మలకు కొమ్మలే కోసుకొచ్చి ఆ పురుగుల మీద పరిచేవాళ్ళు. పురుగు కుబుసం విడిచే ముందు ఒకరోజు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని ఆ పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు పురుగు రాక్షసి మాదిరి తింటుంది, ఆ తర్వాత గూడు కడుతుంది. ఎడమ పక్క కింది రెండు అరలకు మేత వేసే పని అక్క నాకిచ్చింది.

ఆ ఏడు ఆ పురుగుల మీద అక్క బతుకంతా ఆనుకుని ఉండింది. అంతకు ముందు రెండు పంటలు పోయాయి. రెండిటికీ పక్క తోట టమాటాలకు కొట్టే పురుగుమందే కారణమని అవ్వ గట్టి నమ్మకం. గాలికి ఆ మందు మల్బరీ ఆకు మీద పడుతోందనేది ఆమె వాదన. మూడో పంట కూడా పోతే ఈ చోట పురుగు బతకదని తేలినట్టే, మల్బరీ తోట పెరికేసి మనమూ టమాటా పెట్టేద్దాం అని చెప్పేసింది. బావ సరేనన్నాడు. అక్క నాకు జడేస్తూ ఒకరోజు అంది: "ఆవులు అవ్వవి. భూమి మీ బావది. ఈ ఇంట్లో ఈ పురుగులొకటే నావమ్మా. నేను వచ్చినాకనే వచ్చినాయి. ఇవి పోతే నేనూ పొద్దున్నే ఆ కంపెనీ బస్సెక్కాల్సిందే." మామూలుగానే అంది గానీ దువ్వెన మాత్రం ఆగిపోయింది.

మూడో పంట బ్రహ్మాండంగా వచ్చింది. నాలుగో జ్వరం లేచి పురుగులు నా వేలంత అయ్యాయి. సరిగ్గా అప్పుడే నా తల్లో పేలు పడ్డాయి.

ఎక్కడివంటారా? బడి పిల్లలవి. చదివేటప్పుడు తలలు నా భుజానికి ఆనించి, ఒళ్ళో పడి చదివేవాళ్ళు. అంతకు పది రోజుల ముందే నేను ఆ తల్లులందరినీ కూచోబెట్టి, పిల్లల తలలు శుభ్రంగా ఉంచండమ్మా అని అరగంట ఉపన్యాసం దంచాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? అక్కకు కూడా చెప్పలేదు. తలనొప్పనీ, నేనే వేసుకుంటాననీ సాకులు చెప్పి పెరటి మెట్టు ఎక్కడం మానేశాను. ఆమె "సరేలేమ్మా" అంది గానీ చిన్నబుచ్చుకుంది. పక్కనున్న రాయకోటకు పోయి మందుల షాపులో గుసగుసగా అడిగి పేలమందు కొని, దుప్పట్లో దాచాను.

ఆదివారం అవ్వ హాస్టల్లో ఉన్న మనవళ్ళను చూడ్డానికి కృష్ణగిరి పోయింది. అక్క తోటలో కొమ్మలు కోస్తోంది. ఇంతకంటే మంచి సమయం దొరకదని తలకంతా మందు పట్టించి, సీసా మీద రాసినంతసేపు ఆగి, కడిగేశాను. వాసన తెలియకుండా పైన కొబ్బరినూనె రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అంతలో అక్క కొమ్మల మోపు దించి, "కొంచెం ఆ రెండు అరలూ చూసుకోమ్మా, నేను ఇంకో మోపు తెస్తా" అంది. పాదాలు ముంచాను, చేతులు కడిగాను. పీట మీద వాసన చూసే మనిషి లేదు. తడి జడ ముందుకు పడుతుంటే వెనక్కి తోసుకుంటూ, ఆ చేతుల్తోనే ఒక్కో కొమ్మా పరిచాను. పురుగుల్ని చంపే మందుకు పేను వేరు, పట్టుపురుగు వేరు అనే తేడా తెలియదన్న ముక్క నా డిగ్రీ బుర్రకు తట్టలేదు.

తెల్లారి అక్క కేక వినిపించింది. నా రెండు అరల్లో పురుగులన్నీ తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోట్లోంచి పచ్చగా కక్కుతున్నాయి. కొన్ని అప్పటికే ముడుచుకుపోయాయి. అక్క ఒక్కొక్కదాన్నీ ఏరి తట్టలో వేస్తోంది. అవ్వ ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని చూసి, "మందు తగిలిండాది" అంది. అంతే, కొంగు బిగించి కంచె దగ్గరికి పోయింది.

"ఏమప్పా, మా కొంప ముంచినావు గదా! నిన్న మందు కొడితివా లేదా?"

"లేదు వదినమ్మా! నాలుగు దినాలుగా నేను మందు డబ్బానే తాకలేదు. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు పెట్టుకోవద్దు. మూడు పంటలు! మూడూ నువ్వే మింగినావు. దొంగ!"

పెద్దాయన తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నేను పెరట్లో నిలబడి అంతా విన్నాను. నాకు అర్థం కావడం అప్పుడే మొదలైంది. మందు గాలికి ఆకు మీద పడుంటే అన్ని అరలకూ తగలాలి కదా, నా అరలకే ఎందుకు తగిలింది? లోపలికి పరిగెత్తి సీసా తీసి, మొదటిసారి ఆ చిన్న అక్షరాలన్నీ చదివాను. అదీ పురుగుమందే.

చెప్పానా? చెప్పలేదు. ఆ రోజంతా నోరు విప్పలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మిగిలిన అరల్లో పురుగులు బాగానే ఉన్నాయని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ రాత్రి అన్నాల దగ్గర అవ్వ బావతో అంది: "వీటిని గూడు కట్టనీ. వచ్చే సోమవారం జేసీబీని రమ్మను. తోట పెరికేద్దాం. ఆయప్ప పక్కన ఉన్నంత కాలం ఈడ పురుగు బతకదు." అక్క తలొంచుకుని అన్నం కలుపుతూనే ఉంది.

మర్నాడు పొద్దున ఆరున్నరయింది, ఏడయింది. పెద్దాయన రాలేదు. అవ్వ అలవాటు కొద్దీ నాలుగు గ్లాసులు కలిపింది. నాలుగోది అరుగు మీదే ఉండిపోయి చల్లారింది. అవ్వ దాని వంక చూడలేదు గానీ, కడగడానికి కూడా తీయలేదు. ఇక నా వల్ల కాలేదు. తోటలోకి పోయి, కొమ్మలు కోస్తున్న అక్క ముందు నిలబడి, "అక్కా, నేనే. నా తల్లో పేలు పడ్డాయి. మందు రాసుకుని లోపలికెళ్ళాను" అన్నాను.

ఆమె కొడవలి ఆపలేదు. "తెల్సులేమ్మా" అంది.

"తెలుసా?"

"నిన్ననే తెల్సు. నీ అరలో కొమ్మకి ఇంత పొడుగు వెంట్రుక చుట్టుకోనుండె. వాసన చూస్తిని. మా చెల్లెలికి చిన్నప్పుడు మా అమ్మ ఆ మందే పెడతాండె."

"మరి అవ్వకెందుకు చెప్పలేదక్కా? తోట పెరికేస్తారంట కదా!"

"చెప్తే నిన్ను ఊరికి పంపించేస్తాది. మనూరికి చదువు చెప్పను వచ్చిన బిడ్డవి, తల దించుకోని పోతావా? సుమ్మనే, నోరెత్తకుండా ఉండమ్మా. పురుగులు పోతే పోనీ."

అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను. బతుకంతా తనవని చెప్పుకోవడానికి ఉన్నవి ఆ పురుగులొకటే. వాటిని ఈ మనిషి నా పరువు కోసం వదిలేసుకుంటోంది. నేనేమో పేల గురించి చెప్పడానికి సిగ్గుపడ్డాను! లేచి నిలబడ్డాను. "వద్దమ్మా, వద్దు" అని అక్క వెనకాలే వస్తున్నా ఆగకుండా పోయి, అవ్వ ముందు నిలబడి మొత్తం చెప్పేశాను.

అవ్వ నన్ను దగ్గరికి లాగి తల వాసన చూసింది.

"నీ తల్లో పేలా?"

"అవునవ్వా."

"ఎన్ని దినాలుగా?"

"వారమైంది."

"పేలకు సిగ్గుపడినావా! నా తల్లో పేను లేని ఏడాది ఉండిందా? ఓసి నీ చదువు కూలా!" అని లేచి, కంచె దగ్గరికి పోయి గొంతెత్తింది. "ఏమప్పో! కాఫీ కలిపిస్తా, రా!"

అటు నుంచి పెద్దాయన గొంతు వినిపించింది: "నన్ను దొంగ అంటివి గదా?"

"అంటిని. ఇప్పుడు కాదంటా ఉండా. మందు నీది కాదు, ఈ పాపది. రా, వచ్చి నాలుగు తిట్టిపో."

ఆయన వచ్చాడు. నన్ను తిట్టలేదు. అరుగు మీద కూచుని గ్లాసు అందుకుని, చక్కెర తక్కువైందన్నాడు. అవ్వ అక్కడే నన్ను ఎండలో కూచోబెట్టి, ఆయన చూస్తుండగానే పేలదువ్వెనతో నా తల దువ్వడం మొదలుపెట్టింది. సిగ్గంతా ఆ అరుగు మీదే రాలిపోయింది. దువ్వుతూ దువ్వుతూ బావకు ఫోను చేయించి, "జేసీబీ వద్దని చెప్పురా. తప్పు ఈ చోటుది కాదు" అంది. తర్వాత నాతో, "నువ్వు ఇంగ లోపలికి కాలు పెట్టొద్దు" అని చెప్పింది. మళ్ళీ నన్ను ఆ షెడ్డులోకి రానివ్వలేదు. మిగిలిన నెల రోజులూ బయటే ఉండి కొమ్మలు మోశాను. తోట ఇవాళ్టికీ ఉంది. అక్క కంపెనీ బస్సు ఎక్కలేదు.

ఆ పొద్దు అవ్వ నన్ను వదిలాక పెరట్లోకి పోతే, మెట్టు దగ్గర అక్క నిలబడి ఉంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వచ్చినావా? రా" అంది. అంతే, ఇక మొదలుపెట్టింది. "నీకు బుద్ధుందా? తలకాయంటూ ఉందా నీకు? రెండు అరలు! రెండు అరల పురుగుల్ని చంపేస్తివి గదే! పాలగిన్నె పారేస్తివి, చొక్కా కాల్చితివి, ఏమన్నా అంటినా? కొవ్వెక్కి పోయినావు!" వీపు మీద ఒక్కటి చరిచింది. నాకు చుర్రుమంది. నేను ఏడుస్తూనే ఉన్నాను, ఆమె తిడుతూనే ఉంది. చివరికి తిట్లయిపోయాయి కాబోలు, మెట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంట్లో మనిషివి గదే నువ్వు. నాకు చెప్పకుంటే ఇంగెవరికి చెప్తావు?" అంది.

నేను దువ్వెన తెచ్చి ఆమె చేతిలో పెట్టి, వీపు తిప్పి ఆమె ముందు కూచున్నాను.